ఎవరిదీ కాని గుట్ట

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి రంగవ్వ ఇరవై మూడో తట్ట కంకర లారీలో పోసింది. గుట్ట కింది క్వారీలో ఆడవాళ్లకు రోజుకు ఏడు రూపాయలు, మగవాళ్లకు పది. రాయి ఎవరి నెత్తి మీదైనా ఒకే బరువని మేస్త్రీకి చెప్పేదెవరు? ఆ కంకరంతా రాయచూరు అవతల, కృష్ణ ఒడ్డున లేస్తున్న కరెంటు కార్ఖానాకు పోతుంది. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంటుంటే పైనుంచి బావ కనకప్ప కేకేశాడు.

"ఓ రంగవ్వా! సర్కారోళ్లొచ్చిన్రు, జల్ది రా!"

సగం రోజు కూలి పోయినట్టే. అయినా తట్ట అక్కడే పడేసి గుట్ట ఎక్కసాగింది.

పైన పద్నాలుగు ఇళ్లు. గుట్టదొడ్డి అని వాళ్లకు వాళ్లే పెట్టుకున్న పేరు, ఏ నక్షాలోనూ లేదు. గిల్లేసూగూరు వాళ్లను అడిగితే మా కిందికి రారంటారు, యరగేర వాళ్లూ అదే మాట. రజాకార్ల కాలంలో కింద ఊళ్లు తగలబడుతుంటే రంగవ్వ మామ మరో మూడు కుటుంబాలతో పైకెక్కాడు. తమను దాచిన బండకు పసుపు పూసి, "మల్లయ్యా, ఈ గుట్ట నీది, మేం నీ జీతగాళ్లం. నాది అన్నోని నోట్ల మన్ను వడ" అని ప్రమాణం చేశాడు. అది మొదలు దొడ్డిలో ఇల్లు నాది అన్నవాళ్లు లేరు. కొత్త కోడలు పొరపాటున నోరు జారితే టెంకాయ కొట్టించి అందరూ పగలబడి నవ్వేవారు. పెళ్లయిన మూడో నాడు రంగవ్వా కొట్టింది. ముచ్చటైన ఆచారమే గాని, చివరికి అదే వాళ్ల కొంప ముంచింది.

నిరుడు వానలకు ముందు సర్వే వాళ్లు వచ్చి గడప గడపకూ అడిగారు, ఈ ఇల్లు ఎవరిదని. పద్నాలుగు గడపల్లోనూ ఒకటే జవాబు: "దేవునిది, సారూ." ఎంత గర్వంగా చెప్పారో పిచ్చి జనం! రంగవ్వ మజ్జిగ కూడా పోసింది. వాళ్లు చల్లగా తాగి, రాసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ బండ దగ్గరే రాయచూరు గుమాస్తా జయతీర్థ కూర్చున్నాడు. వెనక ఇద్దరు పోలీసులు, చుట్టూ దొడ్డి జనం.

"రాసింది సదువుతున్న, ఇనుండ్రి. గుట్ట మీద దేవుని బండ ఒకటి. మనుషుల ఇండ్లు లెవ్వు. హక్కుదారులు ఎవ్వరు లేరు. కార్ఖానల కాలిన బొగ్గు బూడిద నింపేటందుకు బూడిద చెరువు, దానికి కట్ట ఎయ్యాలె, ఆ కట్టకు ఈ గుట్ట రాయి గావాలె. ఎల్లుండి సంది మందు పెట్టి పేలుస్తరు."

రంగవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇండ్లు లెవ్వా? కండ్ల ముందల పద్నాలుగు పొయ్యిలు కనబడ్తలెవ్వా సారూ?"

"నాకు కనబడ్తున్నయవ్వా. కాగితంల లెవ్వు." జయతీర్థ తల దించుకున్నాడు. మంచివాడే, ఏం లాభం? "ఒక్క తొవ్వ ఉంది. ఇండ్లు మావి అని మీ పెద్దమనిషి నోటితోని జెప్పి దస్కత్ జేస్తె, కాగితం పైకి పంపుత. ఇంకోకాడ జాగైన అడుగొచ్చు."

అందరూ దొడ్డి పెద్ద కనకప్ప వైపు తిరిగారు. ముప్పై ఏళ్లుగా ఆ మాట అన్నవాళ్లందరి చేతా టెంకాయ కొట్టించింది ఆయనే.

"అను బావా," అంది రంగవ్వ. "నీ కాల్మొక్త, అను."

కనకప్ప నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. చూపు మాత్రం పసుపు బండ మీది నుంచి మళ్లలేదు. "నాతోని గాదు," అని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రంగవ్వకు ఒళ్లు మండిపోయింది. "నాది!" అని అరిచింది. "ఈ ఇల్లు నాది! మట్టి నేను మోసిన, గోడ నేను పెట్టిన. ముగ్గుర్ని ఆ ఇంట్లనె గన్న. నా మొగని పీనుగు ఆ గడపల నుంచె లేసింది. నాది, రాస్కో!"

గుంపులో ఎవరూ టెంకాయ ఊసెత్తలేదు. జయతీర్థ కలం మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు.

"ఆడమనిషి మాట పట్టుకపోతె మా పెద్ద సారు నా మొకాన కొడ్తడవ్వా. పెద్దమనిషే జెప్పాలె."

కనకప్ప తల ఎత్తలేదు. జయతీర్థ సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. "ఇగ ఇదొక్కటే మిగిలింది. మేమే ఖుషీతోని గుట్ట ఇడిచిపెడ్తున్నమని రాసింది. నిశానీ ఎయ్యుండ్రి. ఏసినోళ్లకు ఇంటికొకరికి బూడిద చెరువు కాడ కూలి దొరుకుతది. ఎయ్యకుంటె అది గూడ లేదు."

ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద అద్దారు. వాళ్లననడానికి ఏముంది, పొయ్యి వెలగాలి కదా! కనకప్పను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పదమూడు ముద్రలు పడ్డాక జయతీర్థ రంగవ్వ చెయ్యి పట్టుకుని వేలిని తనే సిరాలో ముంచాడు.

"దీనికి పనికొస్తదా సారూ, ఆడిదాని యేలు?"

"దీనికి పనికొస్తది," అన్నాడతను, ఆమె మొహం చూడలేక.

రంగవ్వ చెయ్యి లాక్కుంది. సిరా వేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"ఎయ్య."

పోలీసు ఒకడు ముందుకొచ్చాడు. జయతీర్థ కాగితం చాపి పట్టుకునే ఉన్నాడు. పిడికిలి సందుల్లోంచి సిరా మణికట్టు మీదికి కారుతున్నా రంగవ్వ వేళ్లు విప్పలేదు.