రాజమల్లు వంతు

గిర్మాజీపేటలో శ్యాంసుందర్ సేటు పొద్దున ఆరింటికి కిరాణం తెరుస్తాడు. ఆ పాటికే చిలుకమ్మ సంచి చంకన పెట్టుకుని లైన్లో ఉంటుంది. రోజూ ఏం కొంటుంది పాపం, ఒక్క ప్రాణానికి! ఉప్పో, అగ్గిపెట్టో. కానీ నిలబడడం మాత్రం తప్పదు. ఆమె ముందు పెనిమిటి రాజమల్లు గుండ్రం ఉంది మరి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడు, జనం మీద జనం పడకుండా సేటు కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీయించాడు. అన్నీ వానలకు కొట్టుకుపోయాయి. రాజమల్లు నిలబడిన నాలుగోది మాత్రం పోలేదు. పైగా ఏటా మే నెలలో ఒక మనిషి మేర ముందుకు జరుగుతుంది. తెలియనివాళ్లు అందులో కాలు పెట్టబోతే, "అది మల్లన్న జాగ, జర ఎన్కకు జరుగు" అంటారు. అంతే.

ఆ రోజుల్లో కొట్లు పదింటిదాకే. ఇంట్లో టీపొడి అయిపోయి చాయపత్త కోసం వచ్చిన రాజమల్లుకు ముందు ముగ్గురున్నారనగా పోలీసు జీపు వచ్చింది, షట్టర్ పడింది. ఉత్త చేతులతో ఇంటికెళితే చిలుకమ్మ దులిపేసింది.

"అద్దపావు చాయపత్త తెచ్చుడు చాతగాదు. ఏం మొకం పెట్టుకొని అచ్చినవ్?"

"రేపు మల్ల నిలవడ్త తీయ్" అన్నాడు.

మర్నాటికి జ్వరం, ఆయాసం. అంబులెన్సులో పెద్ద దవాఖానకు పోయిన మనిషి మళ్లీ రాలేదు. ఆమెకూ కరోనాయేనని గడప దాటనివ్వలేదు, కడసారి మొహమన్నా చూసుకోలేదు. మూడోనాడు ఆయన పేర కాకిపిట్టకు ముద్ద పెట్టే దిక్కు లేకపోయింది. ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేదని కుమిలి కుమిలి, ఆనాటి నుంచి చాయ ముట్టడం మానేసింది.

ఇది మూడో ఏడు. లైన్లో వెనక నిలబడే ప్రేమలత మేడం హన్మకొండలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్.

"వంటకు మనిషి కావాలె చిలుకమ్మా. పొద్దుగాల్నే రావాలె. సోమవారం దాక చూస్త, రాకుంటే ఇంకొకామెను పెట్టుకుంట."

"ఆయన వంతు రానీ మేడం. నడిమిట్ల ఇడిసిపెట్టి ఎట్లస్త?"

శనివారం పొద్దున చూస్తే గుండ్రం గల్లా ముందుంది.

"వంతచ్చింది మల్లన్నా" అంటూ సేటు చాయపత్త తూచి, పొట్లం గుండ్రంలో పెట్టాడు. గుండ్రం కదల్లేదు. చక్కెర జోడించాడు. కదల్లేదు.

"పిట్ట ముట్టనట్టే ఉన్నది" అన్నాడు లైన్లోని సదానందం తాత. "మనసుల ఏదో పెట్టుకున్నడు. బీడీ కట్ట పెట్టి సూడున్రి."

పెట్టారు. ఊహూఁ. ప్రేమలత మేడం ముందుకొచ్చి, "నీ భార్యకు పని నేనిస్తనే అన్నా, ఫికర్ చెయ్యకు" అని మాటిచ్చింది. అయినా లేదు.

చిలుకమ్మ పొట్లాలూ బీడీలూ తీసి గల్లా మీద పెట్టేసింది. గుండ్రం ముందు గొంతుక్కూర్చుంది.

"ఇగో, ఇంటానవా? ఏం తేకున్నా మంచిదే. ఉత్త చేతులతోనే ఇంటికి రా."

గుండ్రం కదిలింది. లైను పక్కకు తప్పుకుని దారిచ్చింది. చిలుకమ్మ ముందు, రాజమల్లు ఎప్పుడూ నడిచినట్టే నాలుగడుగుల వెనక గుండ్రం. అలా ఇల్లు చేరారు.

సోమవారం తెల్లవారగానే వాకిట్లో సాంపి చల్లి, గడప ముందున్న గుండ్రం చుట్టూ ముగ్గేసింది. మూడేళ్ల తర్వాత పొయ్యి మీద చాయ పెట్టింది. ఒక గ్లాసు గుండ్రంలో పెట్టి, ఒకటి తాను తాగి, "ఇల్లు సూస్కో" అని చెప్పి హన్మకొండ ఆటో ఎక్కింది.

సాయంత్రం వచ్చేసరికి గుండ్రం లేదు. ముగ్గు మధ్యలో గ్లాసు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. బతికున్నన్నాళ్లూ ఒక్కనాడన్నా గ్లాసు కడిగిన పాపాన పోలేదు ఆ మనిషి.

"ఇప్పుడు నేర్సినవా?" అంది చిలుకమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.