మెడ పట్టుకొని ఏడవాలి

మా కోసిగిలో చావింటికి పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడవాలి. ఏడవకపోతే బాధ లేనట్టే లెక్క. ఈ పద్ధతి పెట్టిందెవరో గాని వాళ్ల నోట్లో మన్ను పడ!

ఎదురింటి హంపక్క మొగుడు నాగన్న బెంగళూరులో బిల్డింగు పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. శవం మధ్యాహ్నం వచ్చింది. అందరికంటే ముందు నేనే పోయాను. "జ్యోతీ..." అని చేతులు చాచి హంపక్క నా మీద పడింది. ఆ ఏడుపంతా నాలోకి దిగింది. ఊపిరాడలేదు. ఆమె చేతులు విదిలించుకొని పారిపోయాను. వీధంతా చూసింది.

"ఏం గుండె తల్లీ అది, రాయి!" అన్నారు. రాయే అయితే పారిపోయే పనేముంది? చక్కగా నిలబడి నాలుగు శోకాలు పెట్టి, ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. రెండు రోజులు మెతుకు దిగలేదు నాకు. నాకు ముప్పై రెండేళ్లు. ఆటిజం అని కర్నూలు డాక్టరమ్మ పోయినేడే చెప్పింది. "ఎదుటివాళ్ల బాధ నీకు తెలియక కాదమ్మా, తట్టుకోలేక పారిపోతావు" అంది. ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకొని ఇంటింటికీ తిరగనా?

అయినా వీధితో నాకేం పని? "ఏమన్నా మాట్లాడు" అని పీడించకుండా, నా కుట్టుమిషను పక్కన కూర్చొని గుండీలు కుట్టి పోయే మనిషి ఈ ఊళ్లో హంపక్క ఒక్కతే. ఆమె ఇక నన్ను పలకరించకపోతే నేనేమైపోవాలి? ఆ భయంతోనే దిండును మెడలా పట్టుకొని ఏడవడం సాధన చేశాను. మా అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"మూడో దినం గూడా పోకపోతే ఆయమ్మ సచ్చేదాకా నీ మొగం సూడదు, పో!" అంది.

పోయాను. హంపక్క గోడకానుకొని కూర్చుంది. వంగి, దిండుకు చేసినట్టే ఆమె మెడ చుట్టూ చేతులు వేశాను. ఏడుపు రాలేదు. చేతులు కొయ్యబారాయి.

"వద్దులే జ్యోతీ, తియ్" అంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె గొంతు పూర్తిగా పోయింది. "వచ్చినోళ్లందరితో మల్లా మల్లా ఏడ్చల్ల. నాకు శాతకాదు. నువ్వు ఊరికే కూసో."

పక్కనే కూర్చున్నాను. ఇంతలో బయట ఆటో ఆగింది. మూడో దినానికని ఆదోని నుంచి మళ్లీ వచ్చిన ఆమె ఆడబిడ్డలు, దిగుతూనే శోకాలు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. హంపక్క నా ముఖం చూసింది.

"లెయ్. ఎనక వాకిలి తీసే ఉండాది. ఆళ్లు లోపలికి రాకముందే పో."

మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నాకు దారి చూపిస్తోంది! సిగ్గేసింది, కోపమూ వచ్చింది.

"మరి నువ్వు?"

"నేను యాడికి పోవల్లే?"

నేను లేవలేదు. ఆడబిడ్డలు వచ్చి ఆమె మీద పడ్డారు. ఆమె కొంగు రెండు గుప్పిళ్లతో పట్టుకొని గోడకేసి తిరిగాను.

"ఎవరే ఈమె, ఏడ్సకుండా గోడ సూస్తాండాది?" అంది ఒకామె.

"దాన్నేమీ అనాకండి" అంది హంపక్క, ఆ లేని గొంతుతోనే. "పోకుండా కూసోనుండాది, సూడండి."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. గోడకేసి తిరిగే ఏడ్చాను.