కచ్ నుంచి తెచ్చిన గుండెలు

రఘురాంకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చెయ్యీ కాలూ కదలవు, తల నిలవదు. కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. కోల్‌కతా సాల్ట్ లేక్ ఫ్లాట్‌లో ఆయన మంచానికి ఎదురుగా అద్దాల బీరువా. దాన్నిండా ఆయన ఏళ్ల తరబడి కచ్‌లో ఏరి తెచ్చిన శిలాజాలు. సముద్రపు ఇసుకలో దూరి బతికే హార్ట్ అర్చిన్లనే ముళ్లజీవులకు అవి తాతముత్తాతలు. ముళ్లు ఎప్పుడో రాలిపోయి, గుప్పెట్లో పట్టే గుండెల్లా ఉంటాయి. ఒక్కోదాని వీపు మీద అయిదు రేకుల పువ్వు. దీఘా సముద్రపు ఒడ్డున దొరికే ఇప్పటి డొప్పలు వేలితో నొక్కితే పొడైపోతాయి. ఇవి గట్టి రాళ్లు.

ఆయన శిష్యురాలు చిన్మయి ఫోన్ చేసింది.

"ఆంటీ, సార్ శిలాజాలు తీసుకోడానికి మ్యూజియం వాళ్లు ఒప్పుకున్నారు. సార్ పేరుతోనే పెడతారట. రేపొచ్చి తీసుకెళ్తాను."

లలితాంబ సరేనంది. ఫోన్ పెట్టేసి, బాత్రూం కడిగే యాసిడ్ సీసా, ప్లాస్టిక్ బకెట్ తెచ్చి భర్త మంచం పక్కన పెట్టింది. కిటికీలు తెరిచింది.

"విశాల్‌కి డెంగ్యూ వచ్చినప్పుడు ఫోన్ చేశాను, గుర్తుందా? రాయి సగం బయటికొచ్చింది, వదిలి రాలేనన్నారు. పిల్లాడు నాన్నా నాన్నా అంటూనే పోయాడు. అంతా అయ్యాక వచ్చారు. వచ్చీ రాగానే పెట్టె విప్పి రాళ్లు కడుక్కున్నారు."

మొదటిది బకెట్లో వేసింది. సున్నపురాయి కదా, బుసబుసా పొంగింది. ఆ ఘాటుకి ఆమెకు దగ్గు తెర వచ్చింది. రఘురాం గొంతులోంచి మూలుగు లాంటిది బయటపడింది. ఎడమ చెయ్యి దుప్పటిని పీకింది. ఆమె తొందరపడలేదు. ఒక్కోదాన్నీ ఆయన కళ్ల ముందు పట్టి, పువ్వు చూపించి, అప్పుడు జారవిడిచింది. యాసిడ్ చాలకపోతే కింద దుకాణానికి వెళ్లి ఇంకా తెచ్చుకుంది.

బీరువా ఖాళీ అయ్యేసరికి ఆయన కళ్లవెంట ధారలు. కొడుకు పోయినప్పుడు రాని నీళ్లు. అవి చూస్తే మనసు చల్లబడుతుందనుకుంది లలితాంబ. ఒళ్లు మండిపోయింది.

"వీటికా!" అంది.

మర్నాడు చిన్మయి పెట్టెలూ దూదీ పట్టుకుని వచ్చి, ఖాళీ అరలు చూసి కొయ్యబారిపోయింది.

"ఏవి ఆంటీ?"

"మీ సారే యాసిడ్‌లో వేయించేశారమ్మా. ఇంకొకళ్ల చేతిలో పడటం ఇష్టం లేదని సైగ చేసి మరీ."

చిన్మయి మంచం దగ్గరికెళ్లింది. "నిజమా సార్? నా పిహెచ్‌డీ అంతా వాటి మీదే కదా!"

రఘురాం తల ఆడించబోయాడు. అవునో కాదో తెలియని వణుకొకటి వచ్చింది.

"చూశావా, అవునంటున్నారు," అంది లలితాంబ.

చిన్మయి పెట్టెలక్కడే వదిలేసి, ఆయన వంక మళ్లీ చూడకుండా వెళ్లిపోయింది. లలితాంబ తలుపు వేసి, జావ చల్లార్చి తెచ్చి చెంచా నోటి దగ్గర పెట్టింది. ఆయన పళ్లు బిగించాడు. ఆమె చెంచా దించలేదు. ఆకలి ఎప్పటికైనా నోరు తెరిపిస్తుందని ఆమెకు తెలుసు.