మోరీలో పైపు

భద్రయ్య చెయ్యి లేచింది. బస్తీ మనిషి ఎలీసబెతు నోట్లోంచి నెత్తురు, దాంతోపాటు ఒక పన్ను, నల్లా గద్దె మీద పడ్డాయి. ఆమె చేతిలోని సీసా పగిలింది. అందులో ఉన్నవి బస్తీ నల్లా నీళ్లే.

"టెస్టుకు నీళ్లు నేనిస్త. నీ సీసా ఎవడడిగిండే?" అన్నాడు కాంట్రాక్టరు భద్రయ్య.

బొల్లారం రైలుపట్టాల పక్కన నలభై గుడిసెల ఎరుకల బస్తీ అది. గిరిజనుల ప్రతి ఇంటికీ మంచినీళ్లని సర్కారు పథకం పెట్టింది. కాగితం మంచిదే. పని భద్రయ్యకు దక్కింది. నల్లా తిప్పిన నెలలోపే వాంతులు, విరేచనాలు. ముగ్గురు పోయారు. మూడో ప్రాణం బుట్టలల్లే లచ్చమ్మ మనవరాలు, మూడేళ్లది. కోడలు దేవకృప ఆరోనెల కడుపుతో దవాఖానలో ఉంది.

పదకొండింటికి ఇంజినీరు వస్తాడు. నీళ్లు మంచివని సంతకం పెడితే ఇప్పుడొచ్చే నీళ్ల ట్యాంకరు రేపటినుంచి బంద్. దేవకృప ఇంటికొచ్చి తాగాల్సింది ఈ నల్లా నీళ్లే.

లచ్చమ్మ చేతిలో వెదురు చీల్చే కత్తి ఉంది. లేవబోయి ఆగింది. భద్రయ్య మాట నమ్మి అందరికన్నా ముందు మోసపోయింది తనే మరి.

"మీ వెదురు తొట్లతోనే నీళ్లు ఖరాబయితున్నయి. బద్దలు నానేసి నానేసి బస్తీ అంతా కుళ్లబెట్టిండ్రు" అన్నాడు వాడు, మొదటి ఇద్దరూ పోయినప్పుడు. తరతరాలుగా ఆ తొట్ల మీద బతికినవాళ్లు సిగ్గుతో చితికిపోయి, తమ తొట్లు తామే పగలగొట్టుకున్నారు. మొదటి దెబ్బ లచ్చమ్మదే. నానని బద్ద వంగదు. బద్ద వంగకపోతే బుట్ట లేదు. ఇరవై రోజులు పస్తులున్నారు. మనవరాలు పోయింది ఆ తర్వాతే.

తొట్లు పోయినా చావు ఆగలేదు. అప్పుడు కలిగింది ఆమెకు నల్లా నీళ్ల మీద అనుమానం.

ఇవాళ భద్రయ్య అటు పోగానే లచ్చమ్మ చర్చి రేకుల షెడ్డులోకి బస్తీనంతా పిలిచింది. రెండు వెదురు బద్దలు నేలమీద పడేసింది.

"చూడుండ్రి. నిన్న పొద్దుగాల ఒకే వెదురు చీల్చి నానేసిన. గీ పచ్చంది ట్యాంకరు నీళ్లల్ల. గిది నల్లా నీళ్లల్ల."

రెండోది నల్లగా, జిగటగా ఉంది. మురుగు మోరి కంపు కొడుతోంది.

"ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు బస్తీ పెద్ద జంగయ్య.

"నాలుగు పెట్టినం పెద్దయ్యా. నాలుగో శవం సుత పెట్టాల్నా? పైపు తవ్వి చూద్దాం." అన్నాడు లచ్చమ్మ కొడుకు జకర్యా.

"తెల్లోళ్ల కాలంలనే మనల్ని దొంగల జాతని రాసిండ్రు బిడ్డా. మనం గడ్డపార ముట్టుకుంటే చాలు, కేసు తయార్."

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "యాడ తవ్వాల్నో నేను చూపిస్త."

భద్రయ్య దగ్గర పనిచేసే నల్లా పనివాడు జాన్ సాహెబ్. తలెత్తలేదు.

"పైపు మోరీలకెల్లి ఏసినం. నేనే ఏసిన. అతుకులకు రబ్బరు సుత ఇయ్యలే. అడిగితే, 'ఎరుకలోళ్లకు ఏం గాదు, పందులతోని బతికెటోళ్లు' అన్నడు భద్రయ్య. కూలి పోతదని నోరు మూసుకున్న."

జకర్యా వాడి కాలరు పట్టుకున్నాడు.

"తవ్వినంక కొట్టు తమ్మీ. ఇప్పుడే సంపితే జాగ ఎవలు చూపిస్తరు?" అన్నాడు జాన్ సాహెబ్.

లచ్చమ్మ కొడుకు చెయ్యి విడిపించింది. "కూలోని చేతులురా అవి. ఇయ్యాల మన దిక్కు తవ్వుతయి."

గడ్డపారలు లేచాయి. నాలుగడుగుల లోతుకు వెళ్లేసరికి భద్రయ్య దిగాడు, వెంట ఇనుపరాడ్లతో ఎనిమిదిమంది మనుషులు. ఒకడి రాడ్డు జంగయ్య మోచేతిని విరిచింది. ఎలీసబెతు నెత్తురునోటితోనే వాడి చెయ్యి కొరికి పట్టింది. ఆడవాళ్లు మోరి బురద ఎత్తి కళ్లల్లో కొట్టారు. జకర్యా వెనక్కి చూడలేదు, తవ్వుతూనే ఉన్నాడు. గడ్డపార ఠంగుమంది.

"దొరికిందమ్మా!"

ఆ మాట పూర్తయ్యేలోగా భద్రయ్య పార అతని తల వెనక దిగింది. జకర్యా పైపు మీదికి ఒరిగాడు. లచ్చమ్మ కత్తి భద్రయ్య ముంజేతిని మణికట్టునుంచి మోచేతిదాకా చీల్చింది.

జీపు ఆగింది. ఇంజినీరు పెన్ను చేతిలోనే ఉంది. విరిగిన చెయ్యి వేలాడుతుండగా జంగయ్య ఎదురెళ్లాడు. "దిగి చూడు సార్. చూసి సంతకం పెట్టు."

ఇంజినీరు తొంగిచూశాడు. మోరి నీళ్లు బుడబుడమంటూ అతుకులోంచి పైపులోకి పోతున్నాయి. పక్కన జకర్యా కళ్లు తెరిచే ఉన్నాయి. ఇంజినీరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

పోలీసులు లాఠీలతో వచ్చారు. శవాన్ని తీయబోయారు.

"పైపు తీసేదాంక నా కొడుకును తియ్యకుండ్రి!" అరిచింది లచ్చమ్మ. ఆడవాళ్లు గుంత చుట్టూ చేతులు పెనవేసి కూర్చున్నారు. లాఠీలు విరిగాయి. ఒక్కరూ లేవలేదు.

లచ్చమ్మనూ, జాన్ సాహెబ్‌నూ ఈడ్చి వ్యాన్‌లో పడేశారు. భద్రయ్యను అంబులెన్సులో తీసుకుపోయారు.

వ్యాన్ నేరేడ్‌మెట్‌లో ఒక బస్తీ ముందు ఆగిపోయింది. రోడ్డు నిండా జనం. జంగయ్య పంపిన గుంతలోని పైపు ఫొటో అప్పటికే ప్రతి ఫోన్‌లో ఉంది. అక్కడా నల్లా పైపు వేయించింది భద్రయ్యే, జాన్ సాహెబ్ చేతులతోనే. పదిమంది గడ్డపారలతో నేల పగలగొడుతున్నారు. ఏమీ దొరకడం లేదు.

జాన్ సాహెబ్ వ్యాన్ కిటికీ జాలీకి మొహం ఆనించాడు.

"అరె, గాడ కాదు! జెర ఎడమకు! కరెంటు స్తంభం కాడ తవ్వుండ్రి!"

లాఠీ అతని నోటిమీద పడింది. లచ్చమ్మ జాలీ పట్టుకుని లేచి, అదే మాట అంతకన్నా గట్టిగా అరిచింది.

"కరెంటు స్తంభం కాడ!"

గడ్డపారలన్నీ ఎడమకు కదిలాయి.