వెనక తేదీ నేరం

"ఈసారి నా చేన్లో మంద వద్దులేప్పా" అన్నాడు గోపన్న, గట్టు మీద నుంచి లేవకుండానే.

కంబన్న గొర్రెలు అప్పటికే గట్టెక్కుతాండాయి. ఏటా వచ్చే దారి కదా, ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు పోయే పొట్టేలును కట్టె అడ్డం పెట్టి నిలిపినాడు కంబన్న.

"మరి ఎవరి మంద పెట్టించుకుంటావు?"

"మీ బామ్మర్ది రంగస్వామికి చెప్పినా."

"నా గొర్ల పెంట ఏమన్నా చెడిపోయిందా గోపన్నా?"

"పెంట బాగానే ఉండాది. చెడింది నువ్వే. కోర్టులో ఒక్క మాట అనేసి రాలేకపోతివి. నీ ఒక్కని కోసం ఊరంతా ఆగిపోయి ఉండాది."

పత్తికొండ పక్కన ఆ ఊళ్లో విత్తనం వేసే ముందు రైతులు గొర్రెల మందను చేనికి పిలుచుకుంటారు. పొద్దు మునిగినాక మంద ఆ చేనిలో పడుకుంటుంది. పెంటా ఉచ్చా నేలకు బలం. కాపరికి జొన్నలు ఇస్తారు, పూటకు ముద్ద పెడతారు. గోపన్న ఊళ్లో పెద్ద రైతు. ఏటా మొదటి పిలుపు ఆయనదే, అదీ కంబన్న ఇంటికే. గోపన్న వద్దంటే తక్కిన వాళ్లు పిలవరు. సెంటు భూమి లేని కంబన్నకు ఊళ్లో చోటు అంటే ఆ పిలుపే. ఆ పొద్దు అది తెగిపోయింది.

ఎందుకు తెగిందో చెప్పాలంటే నల్లగుట్ట సంగతి చెప్పాలి.

మూడేండ్ల కిందట నల్లగుట్ట మీద సోలార్ పలకలు పెడతామని కంపెనీ వాళ్లు కొలతలు వేసుకుని పోయినారు. గుట్ట మీద గొర్రెలు తిరుగుతాండాయని ఎవరో అర్జీ పెట్టినారు. ఒక పోలీసాయన వచ్చి కాపరులను రచ్చకట్ట కాడ కూర్చోబెట్టి, "ఈడ ఎన్నేండ్ల నుంచి మేపుతాండారు?" అని అడిగినాడు.

ఈ మాట వినగానే కాపరుల మొహాలు వెలిగినాయి. ఎన్నేండ్లు అనుభవంలో ఉంటే అంత హక్కు అని వాళ్లకు తెలిసిన లెక్క. పట్టాలిచ్చినప్పుడల్లా చూసిందీ అదే. ఇంకేముంది, పోటీ పడినారు. "ఇరవై ఏండ్లు" అన్నాడు ఒకడు. "ముప్పై రాసుకో సామీ" అన్నాడు కంబన్న బామ్మర్ది రంగస్వామి. వాని వయసు చూస్తే పుట్టిన మరుసటి ఏడు నుంచే మేపుతాండాడన్న మాట. కంబన్న మీసం దువ్వి, "మా తాత కాలం నుంచి. నిన్న కూడా మేపినా" అన్నాడు. పోలీసాయన ఓపిగ్గా అంతా రాసుకున్నాడు. అందరూ సంబరంగా వేలిముద్రలు వేసినారు.

అప్పటికి గుట్ట మీద మేపడం నేరం కాదు. ఏ చట్టంలోనూ లేదు.

రెండేండ్లు పోయినాక అసెంబ్లీలో ఒక చట్టం చేసినారు. కరెంటు కోసం కేటాయించిన భూముల్లో పశువులు మేపితే నేరం, జైలో జరిమానానో పడుతుంది అని. అంతవరకైతే సరే అనుకోవచ్చు. ఆ చట్టం మూడేండ్ల కిందటి నుంచే అమల్లో ఉన్నట్లు లెక్క అని కూడా ఒక వాక్యం రాసినారు. బల్ల చరిచినారు, లేచి టిఫిన్లకు పోయినారు. చదివిన వాడు ఒక్కడుంటే ఒట్టు. ఆ ఒక్క వాక్యంతో రచ్చకట్ట కాడ చెప్పుకున్న గొప్పలన్నీ నేరాంగీకారాలైపోయినాయి. పది మంది మీద కేసు.

పత్తికొండ కోర్టులో తొమ్మిది మంది వరసగా "తప్పయింది సామీ" అన్నారు. ఏదో కొంచెం జరిమానా కట్టి, బయటికొచ్చి బజ్జీలు తిన్నారు. కంబన్న వంతు వచ్చింది.

"గుట్ట మీద మేపినావా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"మేపినా సార్."

"అయితే తప్పు ఒప్పుకుంటావా?"

"మేపినా అని ఒప్పుకుంటాండా. తప్పు చేసినా అని మాత్రం చెప్పను. మేపిన నాడు అది తప్పని ఏ సర్కారూ చెప్పలా. చట్టం వచ్చిన నాటి నుంచి ఒక్క గొర్రెను గుట్టెక్కనీలా."

"ఒక్క మాట అంటే ఇంటికి పోతావయ్యా."

"దొంగనై పోతా సార్. మా తాత కూడా దొంగే అయితాడు."

కోర్టులో ఎవరో నవ్వినారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. లాయరును పెట్టుకుని రమ్మని వాయిదా వేసినాడు.

ఇంకో కేసు మీద కర్నూలు నుంచి వచ్చిన మధులత అనే లాయరు ఈ ముచ్చటంతా విన్నది. బయట చెట్టు కింద కంబన్నను పట్టుకుంది.

"పెద్దాయనా, అసెంబ్లీ ఏ చట్టమైనా చేసుకోవచ్చని అనుకుంటున్నావా?"

"ఓట్లేసి పంపినాం కదమ్మా. చేసుకుంటారు."

"చేసుకోలేరు. వాళ్లకు పైన రాజ్యాంగముంది. రేపటి నుంచి గుట్టెక్కితే నేరం అని రాయొచ్చు. మొన్న ఎక్కింది కూడా నేరమే అని ఈ రోజు రాయకూడదు. ఇరవయ్యో అధికరణంలో మొదటి మాటే అది."

"అంటే ఎమ్మెల్యేలకు కూడా కంచె ఉండాదా?"

"ఉంది. దూకితే కోర్టు వెనక్కి తోలుతుంది. కానీ దూకినారని ఎవరో ఒకరు పోయి చెప్పాలి."

"ఎవరు చెప్తారు?"

మధులత సంచిలోంచి వకాలతు కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

హైకోర్టులో కేసు పడింది. కేసులన్నీ తెగితేగానీ పని మొదలుపెట్టం అంది కంపెనీ. కంచె వేసే కాంట్రాక్టు గోపన్నది. గోపన్న కోపానికి అర్థముంది. తొమ్మిది మంది కోపం అట్లాంటిది కాదు. రంగస్వామి ఒకనాడు మొహం మీదే అడిగేసినాడు.

"బావా, నువ్వు తప్పు చేయలేదంటే మేం చేసినట్లేనా?"

"మీరూ చేయలేదురా."

"చేసినామని చెప్పొచ్చినాం కదా!"

రంగస్వామి ఆ తర్వాత కంబన్న ఇంటి గడప తొక్కలేదు.

ఉన్ని కత్తిరించే కాలం వచ్చింది. కాపరులు ఒకరి మందకు ఒకరు పోయి కత్తిరించుకోవడం రివాజు. ఒకడు కాళ్లు పట్టుకుంటాడు, ఒకడు కత్తెర ఆడిస్తాడు, ఎగతాళ్లు, పాటలు, మధ్యాహ్నానికి అందరికీ ఒకే కుండలో కూడు. ఈసారి కంబన్న మందకు ఎవరూ రాలేదు. పెండ్లాం గిడ్డమ్మ ఉన్నన్ని నాళ్లు కాళ్లు పట్టుకునేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఒక్కడే కాళ్లు కట్టినాడు, ఒక్కడే కత్తిరించినాడు. కత్తెర జారి రెండు గొర్రెలకు తోలు తెగింది. పసుపు అద్దుతా, "నేనేం కావాలని చేయలేదు తల్లీ" అని గొర్రెకు చెప్పుకున్నాడు. ఆ రోజు నోరు తెరిచి మాట్లాడింది అదొక్కటే.

టీ కొట్టు కాడికి పోతే మాటలు ఆగిపోయేవి. టీ మాత్రం ఇచ్చేవాళ్లు. తాగి గ్లాసు పెట్టి లేస్తే వెనక మళ్లా మాటలు మొదలయ్యేవి. కొన్నాళ్లకు టీ మానుకున్నాడు. ఒప్పుకుని వచ్చేద్దామా అని అనిపించలేదా? అనిపించింది. ఒక పొద్దు పత్తికొండ బస్సు కూడా ఎక్కినాడు. "తప్పయింది సామీ" అని లోపల్లోపల అనుకుని చూసినాడు. సగం దారిలో దిగి నడిచి వచ్చినాడు.

కర్నూలుకు హైకోర్టు వస్తాది, వస్తాది అని నాయకులు ఎన్ని ఎన్నికలు గడిపినారో. కంబన్న మాత్రం కంబళి భుజానేసుకుని అమరావతి దాకా పోవాల్సి వచ్చింది. తీర్పు రోజు కోర్టు హాలులో గోడకు ఆనుకుని నిలబడినాడు. అంతా ఇంగ్లీషు. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. మధులత వెనక్కి తిరిగి తల ఊపితే అప్పుడు అర్థమైంది.

"వెనక తేదీ నుంచి నేరం అన్న వాక్యం కొట్టేసినారు పెద్దాయనా. నీ మీద కేసు లేదు."

"గుట్ట?"

"చట్టం మిగతాది ఉంటుంది. ఇక మీద మేపితే నేరమే. దాన్ని మనం అడగలేదు కదా."

"ఆ తొమ్మిది మంది?"

"ఒప్పుకున్నారు కాబట్టి వాళ్లంతట వాళ్లు వచ్చి అడగాలి. అడిగితే వాళ్లదీ పోతుంది."

తిరుగు బస్సులో ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. "నేను గెలిచినానప్పా" అన్నాడు పక్క సీటు మనిషితో. ఆ మనిషి నిద్రపోతాండాడు.

కంబన్న గెలవడంతో కేసులు తెగినాయి. కేసులు తెగినాయి కాబట్టి గుట్ట చుట్టూ కంచె లేచింది. గోపన్న కాంట్రాక్టు గోపన్నకు దక్కింది. అయినా పిలుపు రాలేదు.

ఒక సాయంత్రం కంబన్న మంద పాత అలవాటున గుట్ట దారి పట్టింది. కంచె కాడ నిలిచిపోయి తీగల సందుల్లోంచి మూతులు పెట్టి గడ్డిని చూస్తాండాయి. అంతలో రంగస్వామి మంద కూడా అదే పని మీద వచ్చింది. రెండు మందలూ కలిసిపోయినాయి. ఇంక ఇద్దరూ నోరు తెరవక తప్పలేదు. ఒకడు "హుర్ర్" అంటాడు, ఇంకొకడు ఈల వేస్తాడు. దేని గొంతు దానికి తెలుసు. నెమ్మదిగా విడిపోతాండాయి.

"ఆ తెల్లచెవిది నాది" అన్నాడు రంగస్వామి.

"తెలుసులే. దాని తల్లిని నేనే ఇస్తి నీకు."

రంగస్వామి గొర్రెను లాక్కున్నాడు. పోబోయి ఆగినాడు. "నీకు మొత్తం కొట్టేసినారంట కదా."

"నీది కూడా కొట్టేస్తారు. పోయి అడగాల."

"ఒప్పుకున్నోన్ని గదా బావా. ఏ మొహం పెట్టుకుని అడిగేది?"

"నా పక్కన నిలబడి అడుగు. నేనొస్తా."

రంగస్వామి ఈల వేసి మందను తోలినాడు. మంద గోపన్న చేని దిక్కు కదిలింది. పది బారలు పోయినాక, వెనక్కి తిరగకుండానే గట్టిగా అడిగినాడు: "ఆ లాయరమ్మ కర్నూల్లో యాడుంటాది?"

"కొండారెడ్డి బురుజు కాడ. ఎవర్నడిగినా చెప్తారు."

రంగస్వామి మంద లేపిన దుమ్ములో కలిసిపోయినాడు.

కంబన్న తన మందను వంకలోకి దింపినాడు. ఎండిపోయిన వాగు, ఎవరి చేనూ కాదు. ఇసుకలో చుట్టూ వల కట్టి గొర్రెలను పడుకోబెట్టినాడు. ఒక చేనికి సరిపడా ఎరువు ఆ ఇసుకలో పడతాంది. ఎవనికీ అక్కరకు రాదు. మొదటి వానకు కొట్టుకుపోతాది.

దొంగ కానోడు కంబళి పరుచుకుని, గొర్రెల మధ్య పడుకున్నాడు.