ఎరువుల ఫ్యాక్టరీ మీది మచ్చ

ఉపగ్రహం పంపే బొమ్మలు చదవడం ఆమె ఉద్యోగం. అవి మామూలు ఫోటోలు కావు, భూమి వదిలే వేడిని పట్టుకున్న బొమ్మలు. ఆ వేడిలో ఒక్కో వాయువూ తనకు నచ్చిన భాగాన్ని మింగేస్తుంది. ఏ భాగం తగ్గిందో చూసి, గాలిలో ఏముందో ఆమె చెప్పేస్తుంది. రాళ్లనూ అలాగే గుర్తుపడుతుంది.

ఆ వారం ఎరువుల ఫ్యాక్టరీ మీద అమోనియా మచ్చ కనబడింది. పాత బొమ్మలన్నీ తిరగేసింది. అన్నింట్లోనూ ఉంది. గాలి ఎటు వీస్తే తోక అటు తిరిగింది గానీ, తల మాత్రం ఉత్తరం మూల ట్యాంకుల దగ్గరే.

ఆఫీసులో చూపిస్తే డైరెక్టర్ నీళ్లు నమిలాడు. "మేఘమేమోనమ్మా. రిపోర్టులోంచి తీసేయ్. రేపు మీటింగుకి ఫ్యాక్టరీ వాళ్లు కూడా వస్తున్నారు."

"మేఘమైతే ఒకేచోట కాపురం పెడుతుందా సార్?"

ఇంట్లో సంగతి చెబితే మామగారి ముఖం మాడిపోయింది. ఆయన ఆ ఫ్యాక్టరీలోనే ఫోర్‌మన్.

"మనకెందుకు తల్లీ ఈ తలనొప్పి? ఆ కాస్త మచ్చా చెరిపేద్దూ," అంటూండగానే దగ్గు తెర కమ్ముకొచ్చింది.

"మీ దగ్గు కూడా పోతుందంటే ఇప్పుడే చెరిపేస్తాను మామయ్యా."

ఆయన అన్నం సగంలోనే లేచిపోయాడు.

మర్నాడు మీటింగులో ఆమె బొమ్మలన్నీ వరసగా గోడమీద వేసింది. ఫ్యాక్టరీ మేనేజరు నవ్వాడు. "అంత ఎత్తు నుంచి వాసన పసిగట్టడానికి మీ ఉపగ్రహానికి ముక్కుందా?"

"లేదండీ. మొహమాటం కూడా లేదు."

"మీ మామగారు మా దగ్గరే కదూ పనిచేసేది?"

ఆమె గోడమీది మచ్చ తల మీద వేలు పెట్టింది.

"అవును. రోజూ ఆ గాలే పీలుస్తున్నారు. అందుకే ఇది తీయను. కావాలంటే నన్ను తీసేయండి."

చివర్లో కూర్చున్న కాలుష్య శాఖ ఇంజనీరమ్మ చెయ్యి చాపింది. "నాకో కాపీ ఇవ్వండి."

సాయంత్రానికల్లా ఆమెను రాళ్ల విభాగానికి మార్చేశారు. సామాను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే మోసుకెళ్లింది.

తర్వాతి వారం మామగారు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కాలుష్య శాఖ వాళ్లు తనిఖీకొచ్చారమ్మా. మేనేజరు వాళ్లని దక్షిణం వైపు తిప్పబోయాడు. నేనే అడ్డంపడి ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లా. పైపు అతుకు ఊడిపోయి ఉంది. ట్యాంకులు మూయించేశారు."

"మరి మీ ఉద్యోగం?"

"పీకితే పీకనీ. నోరు కట్టుకుని ఎన్నాళ్లు బతకను? ముందు అన్నం పెట్టు, ఆకలి దంచేస్తోంది."