ఊడనని మాటిచ్చిన పన్ను

నేను ఒక పాలపన్నును. కింది దవడలో ముందు వరసలో ఉండేదాన్ని. మనుషుల తీరు విచిత్రం. బంగారప్పన్ను కట్టించుకుంటే ఊరంతా కనపడేలా నవ్వుతారు. పుట్టింది మొదలు చాకిరీ చేసిన నాలాంటిదాన్ని మాత్రం ఊడిన రోజే వదిలించుకుని చేతులు కడుక్కుంటారు. నన్ను వదలలేక ఏడ్చిన పిల్ల ఒకతి ఉంది కాబట్టే ఈ కథ చెబుతున్నాను.

కోనసీమలో కాలవగట్టున ఒక పెంకుటిల్లు. అందులో వీరవేణి కూతురు నూకరత్నం చిగుట్లో నేను మొలిచాను. వస్తూనే చేసిన ఘనకార్యం పాలిచ్చే తల్లిని కరవడం. వీరవేణి "అమ్మ దొంగా!" అని కేకేసి, నొప్పి సంగతే మరిచిపోయి అందరినీ పిలిచి నన్ను చూపించింది. రత్నం నాన్న చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. ఆయన నన్ను గోటితో టక్కుమనిపించి, "లేత కొబ్బరిముక్కలాగుందే" అని మురిసిపోయాడు. ఆ మనిషిని నేను ఎక్కువకాలం చూడలేదు. ఒక వానాకాలం చెట్టుమీంచి జారిపడి పోయాడు. అప్పటినుంచి వీరవేణి కొబ్బరిపీచు తాళ్ళు పేనుతూ, కూతుర్ని పక్కనే కూర్చోబెట్టుకుని బతుకు ఈడ్చింది. రత్నానికి ఆ పీచు కుప్పలే ఆటస్థలం. తల్లి కొంగు కంటికి కనపడకపోతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది.

ఆ ఊళ్ళో పిల్లల పుట్టినతేదీలు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. ఫలానా తుఫానుకి ముందనో వెనకనో చెబుతారు. అందుకని బళ్ళో చేర్చుకునేటప్పుడు పేర్రాజు మాస్టారు పాతకాలపు పరీక్షే పెట్టేవారు. కుడిచెయ్యి తల మీదుగా తీసుకెళ్ళి ఎడమచెవి పట్టుకోవాలి. అందితే బడి, అందకపోతే ఇల్లు. వీరవేణి మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు రత్నం వేళ్ళు చెవిదాకా రాలేదు. మాస్టారు నవ్వి, "ఇంకా పసిపిల్లమ్మా. ఆ ముందు పన్ను ఊడాక తీసుకురా, చూద్దాం" అన్నారు. ఆయన ఆ మాట అందరితోనూ అంటారు, సాయంత్రానికి మరిచిపోతారు. పెద్దవాళ్ళు సరదాకి విసిరిన మాట పిల్లల దగ్గర చట్టమైపోతుందని ఆయనకి తట్టలేదు.

అసలు భయం ఇంటికొచ్చాక మొదలైంది. వీరవేణి వాళ్ళ అత్తగారితో, అంటే రత్నం మామ్మతో, అంటోంది: "దీన్ని బళ్ళో ఏసేత్తే నాకు బెంగ తీరిపోద్దత్తా. పగలంతా మాస్టారు సూసుకుంటారు, సాయంత్రం నువ్వు సూసుకో. నేను కువైట్ ఎల్లిపోతాను. ఎవరింట్లోనో పిల్లల్ని ఆడించే పనంట."

తలుపు చాటున రత్నం వింది. ఆ చిన్న బుర్రలో అన్నీ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. పన్ను ఊడితే బడి. బడికెళితే అమ్మ ఉండదు. నాలుకతో నన్ను తడిమి చూసుకుని, "నువ్వు ఊడకే, నీకు దణ్ణం పెడతాను" అని గొణిగింది. అంతవరకు నన్నెవరూ ఏదీ అడగలేదు. నోట్లో ఉన్నానే గాని నాకు నోరు లేదు. అయినా ఊడనని మనసులోనే మాటిచ్చాను.

మాట ఇవ్వడానికేం, ఇచ్చేశాను. వేసవి వచ్చేసరికి కిందనుంచి ఇంకొకటి తోసుకురావడం మొదలుపెట్టింది. నా కుదురు కరిగిపోతోంది. గాలి తగిలినా ఊగుతున్నాను. రత్నం మామిడికాయ ముట్టడం మానేసింది. జంతికలు ఇస్తే వద్దని తల తిప్పేది. గంజి మాత్రం నోరు ఒక పక్కకి వంచి తాగేది. తర్వాత నవ్వడం మానేసింది. చివరికి మాట్లాడటం కూడా మానేసింది. పెదవులు తెరిస్తే నేనెక్కడ జారిపోతానోనని దవడ కింద పిడికిలి పెట్టుకుని పడుకునేది. పంటి బిగువున బాధ ఓర్చుకోవడమని మనుషులు గొప్పగా చెబుతారు. పంటికే బాధొస్తే దేని బిగువున ఓర్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేను ఒక్క నరాన్ని పట్టుకుని వేలాడాను.

పిల్లకి మాట పడిపోయిందని ఇంట్లో గోల మొదలైంది. వీరవేణి దిష్టి తీసింది. మామ్మ ఎక్కడినుంచో తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. "ఏదో గాలి సోకిందే దీనికి" అని ఒకావిడ, "నాన్న మీద బెంగెట్టుకుంది" అని ఇంకొకావిడ. బెంగ సంగతి నిజమే గాని, అది పోయినవాడి మీద కాదు, పోబోయేదాని మీద. ఆ నోరు తెరిపించి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

బళ్ళు తెరిచారు. వీరవేణి పిల్లని చంకనేసుకుని తీసుకెళ్ళింది. మాస్టారు చెవి పట్టుకోమన్నారు. రత్నం చెయ్యి నడినెత్తి మీదే ఆపేసింది. ఆయన మోచేతిని మెల్లగా నొక్కారు. వేళ్ళు వెళ్ళి చెవికి తగిలాయి.

"అందిందమ్మా! పేరు రాసేసుకుంటాను" అన్నారు మాస్టారు. నా ఊసే ఎత్తలేదు.

ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు ఒక్కసారిగా తెరుచుకుంది. "అందలేదండీ! నా పన్ను ఊడలేదండీ! ఊడితేనే బడని మీరే సెప్పారు కదండీ! ఇదిగో, సూడండి, ఎంత గట్టిగుందో!" అని రత్నం వేలితో నన్ను గట్టిగా నొక్కి చూపించింది.

నేను శాయశక్తులా పట్టుకున్నాను. నిజంగా పట్టుకున్నాను. కానీ పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

నేల మీద పడ్డ నన్ను రత్నం దుమ్ముతో సహా ఏరుకుంది. నెత్తురోడుతున్న చిగుట్లోకి తోసుకుంది. పడిపోతే మళ్ళీ తోసుకుంది. "అతికించవే అమ్మా! ఇది ఊడలేదే! నువ్వు ఎల్లకే!" అని తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. అప్పటికి గాని ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారి చేతిలో కలం ఆగిపోయింది. "నేను ఊరికే అన్నానమ్మా ఆ మాట" అన్నారాయన. ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు గాని, కొన్ని రాళ్ళు వేసినవాడికి గుర్తు కూడా ఉండవు. వీరవేణి కూతుర్ని గుండెకి హత్తుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడ్చిందే గాని ప్రయాణం మానుకోలేదు. మానుకునే స్థితిలో లేదు పాపం.

మా వైపు ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు. అలా చేస్తేనే కొత్త పన్ను వస్తుందని నమ్మకం. మామ్మ పేడ తెస్తే, "ఇసరొద్దే మామ్మా, కొత్తది రావద్దు" అని రత్నం అడ్డం పడింది. వీరవేణి అటు తిరిగి ఉత్త పేడముద్ద విసిరేసి, నన్ను కొంగున ముడేసుకుంది. ఉన్న నాలుగు రోజులూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉంది. నేను లేని సందులోంచి రత్నం మాటలకి కొంచెం గాలి పోయేది. గాలి పోయే ఆ గొంతునే చెవుల్లో పెట్టుకుని వీరవేణి కువైట్ వెళ్ళింది.

ఇప్పుడు నేను కువైట్‌లో, వంటగది పక్కన చిన్న గదిలో, ఒక పౌడరు డబ్బాలో ఉంటున్నాను. ఇంటికి ఫోన్ చేసుకుంటానని వీరవేణి అడుగుతూ వచ్చింది. యజమానురాలు సరేననేసరికి ఏడాది తిరిగొచ్చింది. ఊళ్ళో కిరాణాకొట్టు ఫోన్ దగ్గరికి పిల్లని రమ్మని ముందే కబురు వెళ్ళింది. నన్ను గుప్పిట్లో పెట్టుకుని వీరవేణి ఫోన్ అందుకుంది.

"హలో, ఎవరండీ మాట్లాడేది?" అంది అవతల ఒక ఆడపిల్ల. ప్రతి అక్షరం తేటగా ఉంది.

"మా రత్నాన్ని ఓసారి పిలవమ్మా" అంది వీరవేణి.

 ఆ పిల్ల సన్నగా, "నేనేనమ్మా" అంది. "పన్నొచ్చేసింది. వద్దన్నానమ్మా, అయినా వచ్చేసింది. అందుకే గుర్తుపట్టలేదా?"

గుప్పిట బిగిసి నేను వీరవేణి అరచేతిలోకి గుచ్చుకున్నాను.  "అమ్మా, ఉన్నావా?" అని అవతలనుంచి అడుగుతూనే ఉంది పిల్ల. వీరవేణి ఉన్నానని తల ఊపుతోంది. ఫోన్లో తల ఊపితే కనపడదని ఆవిడకి గుర్తు రాలేదు.